పసుపు కాళ్ళతో మోకు పందెం

పోయిన నెల ఒక పొద్దున తమిళనాడు ధర్మపురి బస్టాండులో పాలకోడు బస్సెక్కి మా పల్లెకు వెళ్ళాను. మహేంద్రమంగళం దాటాక రోడ్డు దిగి, టమేటా తోటల మధ్య కాస్త నడిస్తే వస్తుంది మా పల్లె. అక్కడి బడిలో సైన్సు దినం జరుపుతున్నామని, రిటైరైన సైన్సు టీచరుగా నన్ను వచ్చి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. పిల్లలు బలం, చలనం మీద అట్టలకు బొమ్మలు అంటించి గోడకు తగిలించారు. రెండు జడల పిల్ల ఒకతి లేచి, ప్రతి చర్యకూ దానికి సమానమైన ప్రతిచర్య ఎదురు దిశలో ఉంటుందని తమిళంలో గడగడా అప్పజెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల మాత్రం కూర్చోలేదు. "మేడం, తాడు పోటీలో వాళ్ళు మనల్ని లాగినంతే మనం వాళ్ళను లాగుతాం కదా. అట్లయితే ఒకరు ఎలా గెలుస్తారు?" అని అడిగింది. పక్కన ఉన్న పెద్దమనిషి ఎవరో, టైమయింది కూర్చోమని సైగ చేశాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు, నిజమే. ఆయన్నే కూర్చోమన్నాను. పిల్లలందరినీ బయటికి తీసుకుపోయి, తాడొకటి తెప్పించి, బెల్లు కొట్టేదాకా ఆడించాను. ఉపన్యాసం ఊసే ఎవరూ ఎత్తలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గుర్తుకొచ్చింది. ఆ పిల్ల అడిగిన ప్రశ్న సరిగ్గా ఆ పల్లెలోనే, ఆ వయసులోనే నేనూ అడిగాను. కాదు, నేను అడగలేదు. మా అవ్వ అడిగింది. మా నాయన తల్లి, మునెమ్మ. ఆమెకు ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. ఆ మాటకొస్తే తెలుగు అక్షరం మా వీధిలో ఎవరికీ రాదు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది తమిళం. నేను ఈ అక్షరాలు దిద్దుకున్నది పెళ్ళయి కుప్పం వైపు కాపురానికి పోయాక. అందుకే ఇప్పుడు ఇది తెలుగులో రాస్తుంటే, అవ్వతో మాట్లాడిన మాటల్ని వాటి సొంత ఇంటికి తీసుకువచ్చినట్టు ఉంది.

మా పల్లెలో రెండు వీధులు, ఎగువన మీది వీధి, దిగువన కింది వీధి. మీది వీధి వాళ్ళకు కొంచెం తడి నేల, కొబ్బరి చెట్లు, పాడి ఉండేవి. మా కింది వీధి వాళ్ళకు మెట్ట చేలు, అవి పండకపోతే రోడ్డు పనీ కూలిపనీ. రెండు వీధులకూ కలిపి తాగే నీళ్ళ బావి ఒకటే. మామూలు కాలంలో ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు తోడుకునేవాళ్ళు. ఎండాకాలం వచ్చిందంటే నీళ్ళు అడుక్కి దిగిపోయేవి. రాత్రంతా ఊరిన ఊట తెల్లారేసరికి ఒక మోస్తరు లోతు నిలిచేది, అదీ తేటగా. ముందు తోడుకున్నవాళ్ళకు ఆ తేట దక్కేది. తర్వాత వచ్చినవాళ్ళకు దక్కేది ఎర్ర బురద. అదైనా మళ్ళీ ఊట వచ్చేదాకా, పొద్దు నడినెత్తి మీదికి వచ్చేదాకా, బావి గట్టు మీద కడవలు పెట్టుకుని కూర్చోవాలి. ముందు ఎవరు తోడాలన్న తగువు ఎప్పుడో తలలు పగిలేదాకా వచ్చిందట. అప్పటి పెద్దలు ఒక ఏర్పాటు చేశారు. ఎండలు ముదిరే పంగుని నెలలో మారెమ్మ పండగ అయిన మర్నాడు రెండు వీధుల ఆడవాళ్ళు లావుపాటి తాడు, మోకు, చెరోవైపు పట్టి లాగాలి. ఏ వీధి గెలిస్తే ఆ వీధిది ఆ ఏడు ముందు వంతు, వాన పడి బావి నిండేదాకా. నీళ్ళు మోసేది ఆడవాళ్ళు కాబట్టి పందెం కూడా ఆడవాళ్ళదే. మగవాళ్ళు చెట్ల కింద కూర్చుని మీసాలు దువ్వుకుంటూ చూడటమే.

నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ముందు వంతు మీది వీధిదే. అంటే నాకు తెలిసిన ఎండాకాలాలన్నీ బురద నీళ్ళవే. మా ఇంట్లో పొద్దున మొదటి పని కడవ లోపలి అంచుకు చిల్లగింజ అరగదీయడం. ఆ గింజ గంధంలా కరిగి నీళ్ళలో కలిస్తే మన్ను మెల్లగా అడుక్కి దిగుతుంది. దిగినంత దిగుతుంది, మిగిలింది మన కడుపులోకి. సంగటిలో మట్టివాసన, మజ్జిగలో మట్టివాసన. పప్పుబేడలు ఎంత ఉడికించినా పలుకు పోయేది కాదు. అమ్మ వాటిని పప్పుగుత్తితో కుమ్మీ కుమ్మీ అలిసిపోయి, "ఈ బేడలు కాదే, మన రాతే ఉడకదు" అనేది. ఇదంతా ఓర్చుకున్నాం. నేను చెప్పబోయే పందేనికి ముందు ఎండాకాలం మా చెల్లెలు చిట్టి విరేచనాలతో మంచం పట్టింది. ఎముకల గూడయిపోయింది, తర్వాత కూడా సరిగ్గా తేరుకోలేదు. పాలకోడు డాక్టరు మందులిచ్చి, మంచి నీళ్ళు తాగించండి, ఇంకోసారి ఇట్లా అయితే నా చేతిలో లేదు అని చెప్పాడు. మంచి నీళ్ళు! అది విన్న రోజు అవ్వ వక్కాకు నోట్లో పెట్టుకోలేదు. ఆమె వక్కాకు మానిందంటే ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు.

మా వీధి జట్టుకు అవ్వే పెద్ద. మోకు చివర నడుముకు చుట్టుకుని నిలబడేది ఆమే. భారీ మనిషి, ఆముదం పట్టించిన తెల్లజుట్టు, నల్లటి మెడకు ఎర్ర పూసల దండ. ఓటమి అంటే ఆమెకు అసహ్యం. ప్రతి ఏడూ ఓడిపోయేది, ప్రతి ఏడూ కారణం వెతికేది. చివరికి ఆమెకు తేలిన కారణం మారెమ్మకు మా మీద దయ చాల్లేదని. పందేనికి ముందు లాగే ఆడవాళ్ళ కాళ్ళు కడిగి పసుపు పూయడం ఆచారం. మీది వీధివాళ్ళు పైపైన, మొక్కుబడికి, ఒక వేలితో రాసుకునేవాళ్ళు. మా అవ్వ అట్లా కాదు. పసుపు ఊడిపోకుండా ఉండాలని ఆముదంలో కలిపి ముద్ద చేసేది. అడుగూ పైనా అనకుండా ఒక్కొక్కరి పాదమంతా తన చేత్తో దట్టంగా పట్టించేది. ఓడిన మర్నాడు, "అమ్మకు ఇంకా చాల్లేదు" అనేది. వచ్చే ఏడుకు పసుపు ఇంకాస్త పెరిగేది. పసుపు పెరిగిన కొద్దీ ఓడాం, ఓడిన కొద్దీ పసుపు పెరిగింది. పెళ్ళిలో కన్నా ఎక్కువ పసుపు మా వీధిలో మోకు పందేనికే ఖర్చయ్యేది. మా నాయన ఒకసారి నవ్వబోయి, అవ్వ చూపుకు భయపడి దగ్గుగా మార్చుకున్నాడు.

ఆ ఏడు పండగ దగ్గరపడుతుండగా మా బడిలో బలం, చలనం పాఠం మొదలైంది. మా సైన్సు టీచరమ్మ సేలం నుంచి వచ్చింది. సన్నగా, గాలికి ఎగిరిపోయేట్టు ఉండేది, గొంతు మాత్రం బస్సు హారను. నాకు ఆ పాఠం తలకెక్కలేదు. నాకు పాఠం తలకెక్కే దారి ఒకటే, సాయంత్రం ఇంటి అరుగు మీద కూర్చుని తమిళంలో ఉన్నదాన్ని తెలుగు చేసి బిగ్గరగా చెప్పుకోవడం. అవ్వ ఎదురుగా కూర్చుని వేరుశనక్కాయలు వొలుస్తూ వినేది. ఆ రోజు మూడో సూత్రం చెప్పుకుంటున్నాను. నువ్వు దేన్ని ఎంత బలంతో తోస్తావో, అదీ నిన్ను అంతే బలంతో వెనక్కి తోస్తుంది. నువ్వు ఎంత లాగితే అదీ నిన్ను అంతే లాగుతుంది. అవ్వ చేతిలో కాయ చేతిలోనే ఆగింది.

"ఏమే సరోజా, ఆ మాట మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"అంటే మేము మీది వీధోళ్ళను ఎంత లాగితే వాళ్ళూ మమ్మల్ని అంతే లాగుతారంటావా?"

"అంతే అవ్వా. బుక్కులో అట్లే రాసినారు."

"అంతే లాగితే మరి పోయినేడు మమ్మల్ని గొర్రెల్ని ఈడ్చినట్ల ఈడ్చుకోని పోయినారే, అది సమానమా? ఆ బుక్కు రాసినోడు పుట్టినాక ఒక్కతూరి కూడా మోకు పట్టుండడు. ఎత్తి అటకమీద పెట్టు దాన్ని."

నాకు ఏడుపు వచ్చింది. పుస్తకం అబద్ధం చెప్పదు, అవ్వ కూడా అబద్ధం చెప్పదు. మర్నాడు టీచరమ్మ దగ్గరికి పోయి అవ్వ అన్న మాటలే తమిళంలో చెప్పాను. ఆమె నవ్వలేదు. కాసేపు సుద్దముక్కను అరచేతిలో దొర్లించింది. "మీ అవ్వ మంచి ప్రశ్న అడిగింది. జవాబు నేను చెప్పను, నువ్వే కనుక్కో. ఒక్కటి చెప్తాను. నువ్వు తాడు వైపే చూస్తున్నావు సరోజా. ఆ ఆడవాళ్ళను తాడు కాక ఇంకేం తాకుతోందో చూడు," అంది. తర్వాత నేను ఇన్నేళ్ళు టీచరుగా పనిచేశాను గానీ, జవాబు తెలిసి కూడా నోరు మూసుకోగల ఓర్పు ఆమెకు ఉన్నంత నాకు రాలేదు.

తాడు కాక ఇంకేం తాకుతుంది? చీర తాకుతుంది, గాలి తాకుతుంది, పక్కామె మోచెయ్యి తాకుతుంది. రెండు రోజులు ఇట్లాంటి పిచ్చి జవాబులతోనే గడిపాను. మూడో రోజు అమ్మ ఇల్లు అలికింది. పేడ వాసన, తడి మట్టి వాసన కలిసిన చల్లదనం గదిలో నిండి ఉంది. గడప పక్క మూలనున్న రాగుల సంచిని అవతలి మూలకు తొయ్యమంది. తోశాను. సంచి కదల్లేదు. నా కాళ్ళే అలికిన నేల మీద సర్రున వెనక్కి జారాయి, మూతి సంచికి కొట్టుకుంది. లేచి మళ్ళీ తోశాను, మళ్ళీ నేనే జారాను. "తోసేది సంచినా, నిన్ను నువ్వా?" అని అమ్మ నవ్వింది. ఆమె ఊరికే అన్న మాటే, నేను మాత్రం నా పాదాల వైపూ సంచి అడుగు వైపూ చూశాను. నేను సంచిని తోస్తుంటే సంచి నన్ను తోస్తోంది, సమానంగానే. ఎవరు కదలాలన్నది మా ఇద్దరి మధ్య తేలేది కాదు, నేల తేలుస్తోంది. సంచిని నేల గట్టిగా పట్టుకుంది. నన్ను వదిలేసింది. తడి ఆరిన గడప రాయికి మడమ ఆనించి తోశాను. సంచి గరగరమంటూ జరిగింది. సంచిని వదిలేసి బయటికి పరిగెత్తాను. అమ్మ వెనక నుంచి అరుస్తూనే ఉంది.

ఇప్పుడైతే బోర్డు మీద బాణాలు గీసి చెప్తాను. తాడులో లాగుడు రెండు వైపులా ఒకటే. దాంతో ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు. గెలిపించేది కాలికీ నేలకీ మధ్య ఉన్న పట్టు, అంటే ఘర్షణ. నువ్వు నేలను ముందుకు తంతావు, నేల నిన్ను వెనక్కి తోస్తుంది. ఎవరిని నేల ఎక్కువ తోస్తుందో వాళ్ళది పందెం. మనిషి బరువు ఎక్కువైతే నేల పట్టు ఎక్కువ, అరికాలు గరుకైతే పట్టు ఎక్కువ, నూనె తగిలితే పట్టు గోవిందా. మీది వీధి వాళ్ళు పాలు తాగి పెరిగిన బరువైన మనుషులు. మేము కూలి చేసి ఎండిన ఒళ్ళవాళ్ళం. ఆ పైన ఆముదం. మారెమ్మ ఏం చేస్తుంది పాపం!

అవ్వకు ఇదంతా మాటల్లో చెబితే ఎక్కదని నాకు తెలుసు. పెరట్లో బట్టలుతికే నున్నటి బండ ఉండేది. అవ్వను బతిమాలి, పందేనికి ఎట్లా పూస్తుందో అట్లాగే పసుపూ ఆముదమూ ఆమె పాదాలకు పట్టించి, ఆ బండ మీద నిలబెట్టాను. ఆవు పగ్గం ఒక కొస ఆమెకిచ్చి, రెండో కొస పట్టుకుని నేను బండ అవతల గరుకు నేల మీద నిలబడ్డాను. నేనప్పుడు ఈనెపుల్ల. అవ్వ నన్ను చూసి జాలిగా, "పడతావే, వొద్దు" అంది. "పట్టుకో అవ్వా" అని మడమలు మట్టిలో దించి, వెనక్కి వాలి లాగాను.

అవ్వ కదిలింది. మొదట ఒక జానెడు. ఆమె ముఖంలో కోపం కూడా కాదు, ఆశ్చర్యం. కాళ్ళు బిగించింది, పళ్ళు బిగించింది. అయినా అంత పెద్ద మనిషీ నిలబడ్డది నిలబడ్డట్టే, ఊరేగింపు బొమ్మలాగా, బండ మీద నా వైపు జారుకుంటూ వచ్చేసింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. చిట్టి మంచం మీదనుంచే కిలకిలా నవ్వింది. అవ్వ బండ అంచున ఆగి, తన పాదాల వైపు చాలాసేపు చూసుకుంది.

"ఇన్నేండ్లూ నేనే ఓడగొట్టినానా మన వీధిని?"

నాకు భయమేసింది. "లేదవ్వా, ఆముదం ఓడగొట్టింది" అన్నాను.

కానీ ఆముదాన్ని ఆపడం అంత సులువా! ఆ సాయంత్రం జట్టు ఆడవాళ్ళు మా వాకిట్లో చేరారు. పసుపు లేకుండా లాగుదామని అవ్వ చెప్పీ చెప్పకముందే పక్కింటి కన్నెమ్మ అత్త లేచింది. "పసుపు పెట్టకుండా మోకు ముట్టేదా? రేపు పిల్లలకు అమ్మవారు పోస్తే ఎవరు దిక్కు? పళ్ళికూడంలో చదివే పిల్ల మాట ఇని అమ్మతో ఆటలా అక్కా?" అంది. మిగతావాళ్ళూ ఔనౌనన్నారు. వాళ్ళను తప్పుపట్టను. అమ్మవారు పోసి పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు ఆ గుంపులో ఉన్నారు. అవ్వ కూడా వాళ్ళకన్నా తక్కువ భక్తురాలేం కాదు. లేచి దేవుడి గూటి ముందు కూర్చుంది. లోపల మంచం మీద చిట్టి దగ్గుతోంది.  కొంతసేపటికి అవ్వ బయటికి వచ్చింది.

"పసుపు పెడదాం. పాదం మీద, చీలమండ దాకా పెడదాం, పోయినేడు కన్నా జాస్తిగానే పెడదాం. అరికాలికి మాత్రం వొద్దు. పాదం పైభాగం అమ్మది. అరికాలు నేలది. నేలది నేలకు ఇడిసిపెట్టండి. అమ్మకు కోపమొస్తే నా మీదికి రానీ, జట్టుకు పెద్దను నేనే గదా."

కన్నెమ్మ అత్త ఆలోచించింది. "నూనె?" అంది.

"నూనె దీపంలో పోద్దాం," అంది అవ్వ. కన్నెమ్మ అత్త సరేనని కూర్చుంది, మిగతావాళ్ళూ ఒప్పుకున్నారు.

అప్పటినుంచి పండగ దాకా మా పెరడే బడి అయింది, నేను టీచరమ్మను. జీవితంలో నాకు అంత శ్రద్ధగల విద్యార్థులు మళ్ళీ దొరకలేదు. కూలి నుంచి వచ్చి, పొయ్యి వెలిగించడానికి ముందు వరసగా నిలబడేవాళ్ళు. పాత మోకును చింతచెట్టుకు కట్టి లాగించాను. "చెట్టు కూడా మనల్ని లాగుతుందా?" అని ఒకామె అడిగింది. తాడు వదిలి చూడమన్నాను. వదలగానే వెల్లకిలా పడింది. చెట్టు లాగుతుండబట్టే అంతసేపూ వాలి నిలబడగలిగావు అని చెప్పాను. నిటారుగా నిలబడి లాగితే బోర్లా పడతాం, ఒళ్ళు కిందికి దించి వెనక్కి వాలాలి. ఒక్కొక్కరు ఒక్కోసారి లాగితే ఆ బలాలు కలవవు, అందరూ ఒకే ఊపిరికి లాగాలి. ఇది నేను చెప్పాల్సిన పని లేకపోయింది. రోడ్డు పనిలో గుండ్లు దొర్లించిన చేతులు అవి, ఐలసా పాట వాళ్ళ నోట్లోనే ఉంది. నేను చెప్పిందల్లా అది పాఠంలో కూడా ఉందని. ఆ మాటకు వాళ్ళకు కలిగిన సంతోషం చూడాలి!

పందెం రోజు ఎండ మాడ్చేస్తోంది. మారెమ్మ గుడి ముందరి బయలులో గీత గీశారు. పూజారి మోకుకు కుంకుమ పెట్టాడు. మీది వీధి జట్టుకు పెద్ద గౌరమ్మ. మా అవ్వకు సమ ఉజ్జీ, వరసకు వదిన. మా వాళ్ళ పాదాల పైన మెరిసే పసుపు చూసి, "ఏం మునెమ్మా, ఈ ఏడు పసుపు సంతంతా కొనేసినావా?" అని ఎగతాళి చేసింది. వాళ్ళందరూ నవ్వారు. అవ్వ వక్కాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంది, అంతే. కొంగు బిగించింది. అరికాళ్ళను ఎండిన ఎర్రమట్టిలో బాగా రుద్దుకుంది. ముందున్నవాళ్ళూ అదే చేశారు. నేను గీత పక్కన నిలబడి, నాకు తెలిసిన దేవతలందరికీ మొక్కుతున్నాను. సూత్రం మీద నమ్మకం లేక కాదు, ఎవరినీ వదిలిపెట్టడం ఇష్టం లేక.

తప్పెట మోగింది. మీది వీధి వాళ్ళ అలవాటు నాకు తెలుసు, మొదటి గుంజుడులోనే అంతా తేల్చేయడం. గుంజారు. ప్రతి ఏడూ ఆ గుంజుడుకే మా వాళ్ళు మూడడుగులు జారిపోయేవాళ్ళు. ఈసారి మోకు బిర్రున బిగిసింది, దుమ్ము రేగింది, మా వాళ్ళు కదల్లేదు. మడమలు మట్టిలో దిగిపోయాయి. గౌరమ్మ ముఖంలో నవ్వు మెల్లగా ఇంకిపోయింది. మళ్ళీ గుంజారు. అవ్వ, "ఇప్పుడొద్దు, పట్టుకోండంతే, నేలను పట్టుకోండి" అని నిదానంగా చెప్తోంది. చెట్ల కింద మగవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. మోకు అటూ పోలేదు, ఇటూ పోలేదు. మధ్యలో కట్టిన ఎర్రగుడ్డ గీత మీద వణుకుతోంది. చూసేవాళ్ళకు ఎవరూ ఏమీ చేయట్లేదనిపిస్తుంది. నాకు మాత్రం ఆ కదలని తాడులో ఎంత బలం ఉందో కనబడుతోంది. సమానంగా ఉన్న రెండు బలాలు అంత భయంకరంగా ఉంటాయని ఏ పుస్తకం చెప్పలేదు.

అప్పుడు మీది వీధి వాళ్ళు ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం సడలించారు. అవ్వ గొంతు లేచింది. "ఐలసా!" మా వాళ్ళంతా ఒకే ఒళ్ళయి వెనక్కి వాలారు. ఎర్రగుడ్డ గీత దాటి మా వైపుకు వచ్చింది. నేను ఎగిరి, "ఆపొద్దు అవ్వా, ఆపొద్దు! కదిలింది, కదలనీ!" అని అరిచాను. కదలని దాన్ని కదిలించడమే కష్టం, కదిలాక అది కదులుతూనే ఉండాలని చూస్తుంది. అది మొదటి సూత్రం. ఆపితే మళ్ళీ మొదటినుంచి మొదలు. అవ్వకు అది ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ఐలసా మీద ఐలసా. మీది వీధి వాళ్ళ కాళ్ళు నేల వదిలేశాయి, ఒకరి మీద ఒకరు పడుతూ గీత దాటి వచ్చేశారు. చివర గౌరమ్మ కూర్చున్నది కూర్చున్నట్టే దుమ్ములో గీత గీసుకుంటూ వచ్చింది. మా వీధి మొత్తం ఒక్కసారి అరిచింది. 

గౌరమ్మ దుమ్ము దులుపుకుంటూ లేచి, అవ్వ చెయ్యి పట్టుకుంది. "ఏం మందు పెట్టినావే మునెమ్మా?"

"మందు లేదు, మాయ లేదు వదినా. బళ్ళో చెప్పిన పాడం," అంది అవ్వ, నా తల మీద చెయ్యి వేసి. అంత మంది ముందు ఆమె నన్ను అట్లా ముట్టుకోవడం అదే మొదటిసారి. 

ఇప్పుడు మా పల్లెలో ఇంటింటికీ కొళాయి ఉంది. కావేరి నీళ్ళు గొట్టాల్లో కొండలెక్కి వస్తాయి, వంతులు వేసుకునేది కొళాయి రాని రోజుల్లో టాంకరు దగ్గరే. మోకు పందెం ఇంకా ఉంది, మైకులో పాటలు పెట్టి, గెలిచినవాళ్ళకు ప్లాస్టిక్ బక్కెట్లు ఇస్తారు. ఆడపిల్లలు నేలను పట్టుకునేలా అడుగున గీతలున్న బూట్లు వేసుకుని వస్తారు. ఆ రోజులే బాగుండేవని ఎవరైనా నిట్టూరిస్తే నాకు మండుతుంది. బాగుండలేదు. నీళ్ళ కోసం ఆడవాళ్ళు మోకు పట్టాల్సి రావడం ఏం బాగు? ఇప్పటి పిల్లలు సరదాకి లాగుతున్నారు, ఓడినా ఇంటికి పోయి చల్లటి నీళ్ళు తాగుతున్నారు. అంతకన్నా గెలుపు ఏముంది? నాకున్న బెంగ ఒక్కటే. పాఠం పుస్తకంలోనూ, తాడు బయట మైదానంలోనూ ఉండిపోతున్నాయి. రెండూ కలిసే చోట నిలబడి ప్రశ్న అడిగే పిల్లను కూర్చోమంటున్నాం. అందుకే నేను టీచరుగా ఉన్నన్నాళ్ళూ ఆ పాఠం వచ్చినప్పుడల్లా తరగతి గదికి తాళం వేసి పిల్లల్ని బయటికి తోలాను. కొందరు హెడ్మాస్టర్లు విసుక్కున్నారు. వాళ్ళను నేను లాగిన తీరు వేరే కథ.

పందెం మర్నాటి తెల్లవారుజాము మాత్రం ఇవాళ్టిలాగే నా కళ్ళ ముందు ఉంది. మా వీధి ఆడవాళ్ళందరూ పండక్కి పోతున్నట్టు తలలు దువ్వుకుని, తోమిన కడవలతో బావి దగ్గరికి చేరారు. చిట్టిని అమ్మ చంకనేసుకుని వచ్చింది. మొదటి చేద వేసే హక్కు జట్టు పెద్దకే. అవ్వ బావిలోకి వంగి చూసి, చేద వదిలింది. పైకి లాగి, గట్టు మీద పెట్టి, ఇత్తడి చెంబుతో ముంచి, ఎవరికీ ఇవ్వకుండా నేరుగా చిట్టి చేతికిచ్చింది. చిట్టి రెండు చేతులతో పట్టుకుని తాగబోయి ఆగింది. లోపలికి చూసింది. చెంబును అటూ ఇటూ వంచి మళ్ళీ చూసింది.

"అవ్వా, చెంబు అడుగు కనపడతాండాది!"

 అమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. చిట్టి గటగటా తాగి, ఇంకొంచెం అని చెంబు చాపింది. అవ్వ నింపి ఇచ్చింది. తడి చేత్తోనే కళ్ళు తుడుచుకుని, నా వైపు తిరిగి గట్టిగా కసిరింది.

"ఏమే, గుడ్లప్పగించి చూస్తా నిలబడినావు? పో, ఆ బుక్కులో ఇంకా ఏమేం రాసినారో అంతా చదువు."